తలకట్టు

"పరగడుపున 210 ఉందా?" అంటూ డాక్టరుగారు కళ్ళజోడు సవరించుకుని మందుల చీటీ మీద కలం పెట్టారు. పక్క కుర్చీలో ఒదిగి కూచున్న మా అమ్మ, "పరగడుపున నాకెప్పుడూ అంత ఉండదు బాబూ!" అంది మెల్లిగా. నేను అమ్మని కళ్ళతోనే మందలించాను. ఏడు నెలలుగా రోజూ ఆవిడ వేలు పొడిచి, చుక్క తీసి, అంకె రాసుకుని, కంప్యూటర్లోకి ఎక్కించి, నాలుగు కాగితాల మీద ప్రింటు తీసి పట్టుకొచ్చిన కూతురు చెబుతుంటే, తనకేం తెలుసని మధ్యలో మాట్లాడ్డం!

డాక్టరుగారు మూడో కాగితం నా ముందుకు జరిపి, "ఇందులో ఏ వరస ఏదో రాయలేదేమమ్మా?" అని అడిగేసరికి నా గొంతు తడారిపోయింది. నిజమే! మొదటి కాగితం మీద పైన అన్నీ ఉన్నాయి, తేదీ, పరగడుపు, తిన్నాక, రక్తపోటు, బరువు అంటూ. తక్కిన మూడింటి మీదా ఉత్త అంకెలే. తేదీ పక్కనున్నది పరగడుపుదే అయ్యుంటుందని నేను ధీమాగా చదివేశాను. మొదటి కాగితం తీసి చూస్తే, అది రాత్రి భోజనమయ్యాక రెండు గంటలకి చూసిన వరస! నేనీ లెక్క మొదలుపెట్టింది ఓ రాత్రిపూట లెండి, అందుకని దానికే ముందుపీట వేశానన్నమాట.

డాక్టరుగారు కలానికి మూత పెట్టేశారు. అమ్మ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఇంటిదాకా నన్ను గుచ్చుతూ వచ్చింది. నా మాట నమ్మి మాత్ర మోతాదు పెంచి ఉంటే, తెల్లవారుజామున ఎవరూ చూడని వేళ ఒంట్లో చక్కెర పడిపోయి అమ్మ ఏమయ్యేదో! తల్చుకుంటే ఇప్పటికీ నాకు వణుకే.

ఇంటికొచ్చి కంప్యూటరు తెరిచాను. అక్కడా ఇదే బాగోతం. పట్టిక కిందికి జరిపేకొద్దీ పేర్లున్న పై వరస తెర దాటి ఎటో వెళ్ళిపోయింది. మిగిలినవి తలా తోకా లేని అంకెలు. నా అవస్థ చూసి మా అబ్బాయి, "దీనికింత రాద్ధాంతం ఎందుకమ్మా, ఫ్రీజ్ చేస్తే సరి!" అన్నాడు. పాలూ పెరుగూ తప్ప లెక్కల్ని కూడా గడ్డకట్టించవచ్చని నాకేం తెలుసు? వాడు పై వరసకి దిగువన, తేదీల వరసకి కుడిపక్కన ఉన్న గడిలో బాణం పెట్టి, ‘వ్యూ'లోకి వెళ్ళి, ‘ఫ్రీజ్ పేన్స్' అని నొక్కాడు. అంతే! ఆ గడికి పైనున్నదీ, ఎడమపక్కనున్నదీ బిగుసుకుపోయాయి. కిందికి జరిపితే నెలలన్నీ ఊరేగింపులా సాగిపోతున్నాయి గానీ, పేర్ల వరస మాత్రం వీధరుగు మీంచి లేవని పెద్దాయనలా అక్కడే కూచుంది. పక్కకి జరిపితే తేదీలు కదల్లేదు.

నేను ఆర్ట్స్ చదువుకున్నదాన్ని. లెక్కలంటే ఆమడ దూరం. కానీ చరిత్ర అంటే చెవి కోసుకుంటాను. ఈ చిన్న ఉపాయం ఎవరికి తట్టిందా అని వెతకబోతే, కథ ఏకంగా మట్టిపలకల దాకా పోయింది.

న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఓ మట్టిపలక ఉంది. ‘ప్లింప్టన్ 322' అంటారు దాన్ని. బాబిలోనియాలో సుమారు 3,800 ఏళ్ళనాడు ఎవరో లేఖకుడు పచ్చిమట్టి మీద పుల్లతో నొక్కి రాసిన పట్టిక. ఎడమపక్క విరిగిపోగా ఇప్పుడు నాలుగు నిలువు వరసలూ, పదిహేను అడ్డ వరసలూ మిగిలాయి. లంబకోణ త్రిభుజాల భుజాలకి సంబంధించిన లెక్కలట. ఆ గోల మనకొద్దు. నన్ను ఆకట్టుకున్నది వేరే. ప్రతి నిలువు వరసకీ నెత్తిన ఓ పేరుంది. చివరి వరసలో ఒకటి నుంచి పదిహేను దాకా అడ్డ వరసల సంఖ్యలున్నాయి. ఆ వరస నెత్తిన ఏమని రాశాడనుకున్నారు? ‘దాని పేరు' అని! అంకెకి నిలువునా అడ్డంగా రెండు పేర్లుండాలనీ, రెండూ కలిసిన చోటే దానికి అర్థమనీ ఆ మహానుభావుడికి అప్పుడే తెలుసు. నాకు డాక్టరుగారి ముందు తెలిసింది.

మా తాతగారు కరణంగా చేశారు. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయిపోయినా, పాత పుస్తకాలు ముందేసుకుని చూసుకోవడం ఆయన మానలేదు. అడంగల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, రైతు పేరు, పైరు, నీటివసతి అంటూ పేజీ నిండా గళ్ళే. చూపు మందగించాక పేజీ అడుగున ఉన్న అంకె ఏ గడిదో చూడ్డానికి మాటిమాటికీ తల పైకెత్తాల్సి వస్తోందని, ఓ అట్టముక్క కోసి, దాని మీద గళ్ళ పేర్లు అదే కొలతలో రాసుకుని, చదువుతున్న వరస నెత్తిన ఆనించి కిందికి జరుపుకుంటూ పోయేవారు. నేనది ఆటవస్తువనుకుని పట్టుకుపోయి ఓసారి చీవాట్లు తిన్నాను. ఇప్పుడు తెలిసింది, మా తాతగారిది చేతితో చేసిన ‘ఫ్రీజ్' అని!

అంతదాకా బాగానే ఉంది. కాగితం మీద తల ఎటూ పోదు. మహా అయితే చూపు పైకెత్తాలి, అంతే. ఖాతాపుస్తకంలో ఎదురెదురు పేజీలు రెండూ కలిపి పరిచి రాసిన పెద్దలెక్కనే ఇంగ్లీషులో ‘స్ప్రెడ్ షీట్' అన్నారు. ఆ పరిచిన దుప్పటి కంప్యూటరు తెరలోకి ఎక్కాకే చిక్కొచ్చిపడింది.

1978లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్ అనే కుర్రాడు హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్నాడు. నల్లబల్ల మీద వేసిన పట్టికలో ఒక్క అంకె మారితే, దాని మీద ఆధారపడ్డవన్నీ మేష్టారు చెరిపి మళ్ళీ రాసుకోవాల్సి రావడం చూసి, ఈ పని యంత్రం చేస్తే ఎంత బావుణ్ణు అనుకున్నాడు. స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రాము రాశాడు. 1979లో ‘విజికాల్క్' పేరుతో ఆపిల్ 2 కంప్యూటరు మీదికి వచ్చింది.

ఆ పట్టికలో 63 నిలువు వరసలు, 254 అడ్డ వరసలు. అంటే పదహారు వేల గళ్ళు. తెర మీద పట్టేవి మాత్రం అడ్డంగా 40 అక్షరాలు, నిలువుగా 24 పంక్తులు. వరసకి తొమ్మిదేసి అక్షరాల చొప్పున ఒక్కసారికి కనబడేవి నాలుగే నిలువు వరసలు! పదహారు వేల గదుల మేడకి ఓ ఎనభై గదులు కనిపించే కిటికీ పెట్టినట్టు. కిటికీ కొంచెం కిందికి జరిపితే చాలు, ఎవరి గదిలోకి తొంగిచూస్తున్నామో తెలీదు. అందుకే వాళ్ళు ఆ మొదటి ప్రోగ్రాములోనే ‘టైటిల్స్' అని ఓ ఆజ్ఞ పెట్టారు. ఏటవాలు గీత మీట నొక్కి, ‘టి' కొట్టి, ఆపైన ‘హెచ్' కొడితే పై వరసలు, ‘వి' కొడితే పక్క వరసలు, ‘బి' కొడితే రెండూ కదలకుండా నిలబడేవి. ‘ఎన్' కొడితే విడుదల. చూశారా, తర్వాత ఎప్పుడో ముచ్చటకి తగిలించిన సొగసు కాదిది. మేడతో పాటే కట్టిన మెట్లు.

1983లో వచ్చిన ‘లోటస్ 1-2-3' కూడా దీన్ని ‘టైటిల్స్' అనే పిలిచింది. ‘ఎక్సెల్' 1985లో మాకింటాష్ మీదా, 1987లో విండోస్ మీదా వచ్చింది. ‘పేన్' అంటే కిటికీ రెక్కలోని అద్దం. అది బిగించెయ్యడమే మా వాడు చెప్పిన ‘ఫ్రీజ్ పేన్స్'. 2007 ఎక్సెల్ నుంచి పట్టికలో 10,48,576 అడ్డ వరసలు, 16,384 నిలువు వరసలు పడుతున్నాయి. తెరలూ పెద్దవయ్యాయి గానీ, మేడ ముందు అవెంత? తప్పిపోయే అవకాశం పెరిగిందే గానీ తగ్గలేదు.

ఇంత తెలుసుకున్నాక కూడా నేను రెండుసార్లు పప్పులో కాలేశాను. ఓసారి పట్టిక సగం కిందికి జరిగి ఉండగా ‘ఫ్రీజ్ టాప్ రో' నొక్కాను. దానికి తెర మీద పైన ఏది కనిపిస్తే అదే తల. ఆగస్టు పద్నాలుగో తేదీ అంకెలు నెత్తికెక్కి కూచున్నాయి! రెండోది ఇంకా ముఖ్యం. తెర మీద బిగించాను కదా అని నిశ్చింతగా ప్రింటు తీస్తే, రెండో కాగితం మళ్ళీ బోడిగానే వచ్చింది. తెర మీద బిగింపు తెరకే. కాగితాలన్నిటి మీదా పేర్లు రావాలంటే ‘పేజ్ లేఅవుట్'లో ‘ప్రింట్ టైటిల్స్' అని వేరే ఉంది. అక్కడ పై వరస ఏదో చూపించాలి. ఆ సంగతి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళకముందే కనిపెట్టాను గనక బతికిపోయాను.

ఈసారి కాగితాలు తీసుకెళ్ళే ముందు అమ్మకే చూపించాను. చిన్నప్పుడు నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది అమ్మే. ‘క' రాసి పైన తలకట్టు మర్చిపోతే, చేతిలోంచి బలపం తీసుకుని, "తల లేకపోతే అదేం అక్షరమే?" అనేది. ఇప్పుడావిడ నాలుగు కాగితాలూ ఒక్కొక్కటే తిరగేసి, ప్రతిదాని నెత్తినా వేలు పెట్టి చదువుకుంది.

"ఇది పరగడుపుదేనా?"

"అవునమ్మా."

"అయితే సరే" అని, కాగితాలు మడిచి తన సంచీలోనే పెట్టుకుంది.