పట్టాల వెంట తీగ, తీగ చివర పెట్టె

1856 జూలై 1న దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. తర్వాతి ఏళ్లలో పట్టాలు కాట్పాడి, గుడియాత్తం, ఆంబూరు, వాణియంబాడి దాటి జోలార్‌పేట చేరాయి. స్టేషన్ల మధ్య కబురు నడవాలి గనుక టెలిగ్రాఫు తీగా వాటితో పాటే సాగింది. 2000 సెప్టెంబరులో పుట్టిన రైల్వేల టెలికం సంస్థ రైల్‌టెల్‌కు ఆ పాత బాటే ఆస్తి. ఫైబర్ వేయడానికి పట్టాల పక్కన రైల్వే స్థలం ఉండనే ఉంది.

తీగ వేయడం ఒక ఎత్తు, దాని చివర ఏ పెట్టె (ఎక్స్ఛేంజీ లేదా రౌటర్) పెట్టాలో తేల్చుకోవడం మరో ఎత్తు. కాట్పాడి పక్కనున్న వేలూరు ఎండ, దుమ్ము, కరెంటు కోతలు ఎరిగినవాళ్లెవరూ వేగం ఒక్కటే చూసి కొనరు.

స్ట్రోజర్ అనే యాంత్రిక టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలంలో దుమ్మే పెద్ద శత్రువు. డయల్ తిప్పిన అంకెను బట్టి స్విచ్ టకటకా మెట్లెక్కి, పక్కకు తిరిగి కాంటాక్టును తాకేది. అక్కడ మురికి పేరుకుంటే గరగర, లేదా రాంగ్ నంబర్. విదేశీ డిజిటల్ ఎక్స్ఛేంజీలతో ఆ బెడద తగ్గింది గానీ, వాటికి ఏసీ గది కావాల్సి వచ్చింది. 1984 ఆగస్టులో ఏర్పడిన ప్రభుత్వ టెలికం పరిశోధన సంస్థ సీ-డాట్ ఈ లోటు మీదే గురిపెట్టింది. ఏసీ అక్కర్లేని 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజీని తయారుచేసి, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిసారి నడిపించింది.

ఆ తరం వదిలివెళ్లిన గుర్తు ఒకటి నేటి ఖరీదైన రౌటర్ వెనక వైపు కనిపిస్తుంది: మైనస్ 48 వోల్టుల డీసీ కనెక్షన్. ఎక్స్ఛేంజీల్లో బ్యాటరీల ప్లస్ కొనను భూమికి కలిపేవారు. భూమిలో పాతిన రాగి తీగలకు అలా అయితే తుప్పు తక్కువగా పడుతుంది. గాజు తీగకు తుప్పు భయం లేదు, అయినా బ్యాటరీ గదులు అలాగే ఉన్నాయి. అందుకే టెలికం సంస్థలు రెండు డీసీ సప్లైలు, నడుస్తుండగానే ఊడదీసి మార్చగల కార్డులు ఉన్నాయా అని ముందు చూస్తాయి.

తర్వాత రౌటర్ జ్ఞాపకశక్తి వంతు. 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ దారుల పట్టిక 5,12,000 దాటింది. అంతవరకే చోటున్న పాత రౌటర్లు తడబడి, పలు దేశాల్లో సేవలు కుంటుపడ్డాయి. పెట్టె ఇవాళ సరిపోతుందా అన్న ప్రశ్నకు పదేళ్ల తర్వాతి సంగతి కూడా తోడైంది.

ఇక తీగ వెళ్లే దారి సంగతి. వేలూరుకు రాష్ట్ర సరిహద్దు అవతల, చిత్తూరు వైపు, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగి, పరికరాలను విద్యుత్ సబ్‌స్టేషన్లలో పెట్టింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. తమిళనాడులో ప్రభుత్వ ఫైబర్ సంస్థ టాన్‌ఫినెట్ 12,525 పంచాయతీలను కలపడానికి పూనుకుంది. దేశం మొత్తమ్మీద, పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ చేర్చే కేంద్ర పథకం భారత్‌నెట్ తొలి దశలో పల్లెలకు తీగ ఒకే వరసలో వెళ్లింది. మధ్యలో ఎక్కడ తెగినా అవతలి ఊళ్లకు నెట్ పోయేది. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 1,39,579 కోట్ల రూపాయల సవరణ పథకం వలయాకారపు తీగను, డేటాకు లేబుళ్లతో దారి చూపే ఎంపీఎల్ఎస్ రౌటర్లను ఎంచుకుంది. ఒక వైపు తెగితే రెండో వైపు నుంచి డేటా తిరిగి వస్తుంది.

ఇంకో గీటురాయి ఈమధ్యే చేరింది. 2021 జూన్ 15 నుంచి టెలికం సంస్థలు కొత్తగా కలిపే పరికరాలు ప్రభుత్వం గుర్తించిన నమ్మకమైన వనరుల నుంచే రావాలి. ధర, వేగం సరిపోయినా తయారీదారు ఎవరన్నది తేలనిదే టెండరు ముందుకు కదలదు.