గొంతునొప్పి నుంచి గుండె కవాటం దాకా

కీళ్ళవాతపు జ్వరం గుండెను పాడుచేస్తుందని 1836లోనే పారిస్ వైద్యుడు బుయో గట్టిగా చెప్పాడు. కారణమే అంతుపట్టలేదు. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు గాని ఈ జ్వరం రాదు. అప్పటికి గొంతులో క్రిమి జాడ దొరక్కపోవచ్చు. 1931లో న్యూయార్క్ వైద్యుడు ఆల్విన్ కోబర్న్ గొంతునొప్పినీ ఈ జ్వరాన్నీ కలిపి, మూలం స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి అని చూపాడు.

మన దేశంలో ఇంకో రకం ఆలస్యం జరిగింది. 1910లో కలకత్తా శవపరీక్షల రికార్డులు తిరగేసిన లియోనార్డ్ రోజర్స్ ఈ జబ్బు ఇక్కడ అరుదన్నాడు. వేడి దేశాలకు ఇది రాదన్న నమ్మకం చాలాకాలం పోలేదు. ఆ నమ్మకం నీడలో ఎంతమంది పిల్లలకు వైద్యం అందలేదో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 1963లో ఢిల్లీ ఎయిమ్స్‌లో సుజోయ్ రాయ్ బృందం లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసం కళ్ళు తెరిపించింది. ఇరవై ఏళ్ళు నిండకముందే గుండెలోని మైట్రల్ కవాటం బిగుసుకుపోయిన రోగుల సంగతి అది. పాశ్చాత్య దేశాల్లో దశాబ్దాలు పట్టే నష్టం ఇక్కడ బడి ఈడులోనే కనబడుతోంది. ఆ వ్యాస రచయితల్లో శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి ఒకరు.

క్రిమి పోయాక కూడా గుండె ఎందుకు చెడుతుంది? క్రిమి ఒంటి మీది ఎం ప్రోటీన్‌లో కొన్ని ముక్కలు గుండె కండరంలోని మయోసిన్‌ను పోలి ఉంటాయి. క్రిమి కోసం తయారైన యాంటీబాడీలు గుండెకూ అంటుకుంటాయని 1960లలో మెల్విన్ కాప్లాన్ చూపాడు. 1995లో బ్రెజిల్ పరిశోధకులు రోగుల గుండెలోంచి తీసిన టీ కణాలనే రోగనిరోధక కణాలను పెంచి చూశారు. వాటిలో కొన్ని క్రిమి ముక్కల్నీ గుండె ప్రోటీన్లనూ రెంటినీ శత్రువులుగానే గుర్తుపట్టాయి.

ఇరుకిళ్ళలో ఈ క్రిమి త్వరగా పాకుతుంది. తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతంలో అలాంటి ఇళ్ళలో ఉండే అగ్గిపెట్టెల కార్మికుల పిల్లలకు కాపుదల ఒకటే. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోగా పెనిసిలిన్ పడితే జ్వరాన్ని చాలావరకు ఆపవచ్చు. ఒకసారి జ్వరం వచ్చినవాళ్ళకు మూడు వారాలకోసారి బెంజథైన్ పెనిసిలిన్ సూది, అదీ ఏళ్ళ తరబడి. పిరుదు కండలోకి ఎక్కే ఆ చిక్కటి మందు బాగా నొప్పెడుతుంది. పిల్లలు ఎగ్గొట్టడానికి అదొక కారణం. కవాటం పూర్తిగా పాడైతే ఆపరేషనే. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో 1990లో తొలి దేశీయ కృత్రిమ కవాటం అమర్చారు.

టీకా ఇంకా రాలేదు. 1960లలో ప్రయత్నించిన ఒక టీకా తీసుకున్న కొందరు పిల్లలకు ఆ జ్వరమే వచ్చింది. 1979లో అమెరికా అలాంటి టీకాలను నిషేధించింది; ఆ నిషేధాన్ని 2006లో గాని ఎత్తివేయలేదు. ఇప్పటి పరిశోధకులు ఎం ప్రోటీన్‌లో గుండెను పోలని ముక్కల్ని ఏరి టీకా కట్టాలని చూస్తున్నారు.