అర్జీలు పుచ్చుకోని దేవుడు

సర్వీసులో ఎన్నో చార్జి మెమోలు రాశాను గాని, అభియోగం ఏమిటో చెప్పకుండా శిక్ష వేసిన ఆర్డరు చూడలేదు. అలాంటిదొకటి 1656 జూలై 27న ఆమ్‌స్టర్‌డాంలో యూదుల సంఘం జారీ చేసింది. 23 ఏళ్ల స్పినోజాను వెలివేశారు. నాలుగు మూరల దూరంలోకి ఎవరూ పోరాదు, అతని రాతలు చదవరాదు. ఘోరమైన మతవిరుద్ధ భావాలన్నారే గాని అవేమిటో రాయలేదు.

ఆయన తర్వాత రాసిన 'ఎథిక్స్' గ్రంథాన్ని బట్టి ఊహించుకోవచ్చు. దేవుడూ ప్రకృతీ ఒకటే. లోకానికి బయట కూర్చుని అర్జీలు చూసి కొందరికి శాంక్షను, కొందరికి శిక్ష ఇచ్చే పై అధికారి కాడు దేవుడు. మన అద్వైతమే కదా అంటారేమో! స్పినోజాకు జగత్తు మిథ్య కాదు.

దేవుణ్ణి ప్రేమించేవాడు, దేవుడు తిరిగి తనను ప్రేమించాలని కోరడట. ఇక్కడ చాలా రోజులు ఆగిపోయాను. మా ఆవిడ జబ్బున పడ్డప్పుడు నేను మొక్కని దేవుడు లేడు. ఆమె దక్కలేదు. దేవుడి మీద అలిగి మూడేళ్లు గుడి మెట్లెక్కలేదు.

స్పినోజా కటకాలు సానపట్టాడు. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు ఉద్యోగం ఇస్తామంటే వద్దన్నాడు. మిత్రుడి కుటుంబం ఏటా 500 గిల్డర్లు ఇవ్వబోతే 300 చాలన్నాడని చెబుతారు. (డి.ఏ. బకాయిల కోసం ధర్నాలు చేసే మనకు నమ్మశక్యం కాదు!) 1677లో 44వ ఏట పోయాడు. 'ఎథిక్స్' ఆ ఏడే అచ్చయింది. పుస్తకం మీద పేరు లేదు, పొడి అక్షరాలు మాత్రమే.