మత సంవాదంలో వెలివాడ

మదనపల్లెలో తొమ్మిదో తరగతికి 'గబ్బిలం' గురించి చెబుతుండగా ఒక విద్యార్థి అడిగాడు: "జాషువా క్రైస్తవుడు కదా సార్, మొర కాశీ శివుడికెందుకు పంపించాడు?" ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. దాన్ని వెతుక్కుంటూ మా ప్రాంత చరిత్రలోకి వెళ్లాను.

18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెసూట్ ఫాదరీలు పుంగనూరు దాకా వచ్చారు. కాషాయం కట్టి, మాంసం మాని, బ్రాహ్మణ సన్యాసుల్లా బతికారు. వారి కర్ణాటక మిషన్‌కే చెందిన కల్మెత్ సంస్కృతం నేర్చి, 1730లలో వేదాల ప్రతులు సంపాదించి పారిస్ రాజగ్రంథాలయానికి పంపాడు. తన ఉద్దేశాన్ని అతను దాచుకోలేదు: బ్రాహ్మణుల్ని వారి వేదంతోనే వాదంలో గెలవాలి. ఆ పాండిత్యం సామాన్యమైనది కాదు. కాని అగ్రవర్ణాల మన్నన కోసం ఆ మిషన్ వెలివాడకు దూరం పాటించింది. జబ్బుపడిన అంటరాని క్రైస్తవుల ఇళ్లకు ఫాదరీలు వెళ్లి తీరాలని 1704లో పోపు ప్రతినిధి తూర్నోన్ పుదుచ్చేరిలో ఉత్తర్వు వేయాల్సి వచ్చింది. ఉత్తర్వు అవసరమైందంటేనే ఆచారమేమిటో తెలుస్తున్నది.

తర్వాత ధోరణి మారింది. ఇతర మతాల్లోని సత్యాన్ని తిరస్కరించబోమని 1965లో రెండో వాటికన్ మహాసభ ప్రకటించింది. బెల్జియం నుంచి 1948లో మన దేశానికొచ్చి 1984 దాకా ఇక్కడే ఉన్న జెసూట్ వేదాంతి జాక్ దుప్వీ మరో అడుగు వేశాడు. ఇతర మతాలకూ దైవసంకల్పంలో చోటుందని 1997 నాటి గ్రంథంలో వాదించాడు. రోము విచారణ జరిపి, ఆ గ్రంథంలో తీవ్రమైన అస్పష్టతలున్నాయని 2001లో ప్రకటించింది. వాదంలో గెలవడం నుంచి గౌరవించడం దాకా ఇది పెద్ద ప్రయాణమే. కాదనను.

అయితే సంవాదం ఎవరెవరి మధ్య? గ్రంథానికీ గ్రంథానికీ మధ్యనే అయితే పుంగనూరు సుగుటూరు గంగమ్మకూ, కుప్పం తిరుపతి గంగమ్మకూ అందులో చోటెక్కడ? జాతరలో డప్పు కొట్టేవాణ్ణి ఒక మతానికి ప్రతినిధిగా ఎవరు పిలుస్తారు? చర్చిలో మోకరిల్లినా కులం వదలనివాడి మాటేమిటి? 1980లలో అరవింద్ నిర్మల్ వంటి దళిత క్రైస్తవ వేదాంతులు తమ చర్చినే ఇలా నిలదీశారు.

జాషువా 1941లోనే ఆ పని కవిత్వంలో చేశాడు. గబ్బిలం గుడిలోకి పోగలదు, అరుంధతీసుతుడు పోలేడు. ఎవరి దేవుడు నిజమన్న వాదం అక్కడ లేదు. ఉన్నది న్యాయం కోసం మొర. ఇప్పుడా విద్యార్థికి నా జవాబు ఇదే: ఏ గుడి తలుపు మూసిందో, మొర ఆ గుడికే వెళ్లాలి. చర్చి తలుపు మూస్తే చర్చికీ వెళ్లాలి.