ప్రత్యేక విద్యపై పర్యవేక్షణ ఎవరిది? ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు రెండు కమిషనర్ కార్యాలయాలు

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉన్న రైల్వే పట్టణం ఖరగ్‌పూర్. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది కూడా. ఇలాంటి ఊళ్లో వినికిడి లోపమో, మేధో వైకల్యమో ఉన్న బిడ్డకు బడిలో అందాల్సిన సాయం అందకపోతే తల్లిదండ్రులు ఎవరిని అడగాలి?

చట్టం ఏమంటోంది?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 నాటి పాత చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించగా, కొత్త చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ పొందిన 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కుగా దక్కుతుంది. దగ్గరలోని మామూలు బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలో చదవాలా అన్నది వారి ఇష్టం. దివ్యాంగ పిల్లలను గుర్తించడానికి అయిదేళ్లకోసారి సర్వే చేయాలని 17వ సెక్షన్ చెబుతోంది.

రెండు కార్యాలయాలు

ఈ హక్కుల అమలును చూసే కార్యాలయాలు రెండు. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని విషయాలకు ఢిల్లీలోని చీఫ్ కమిషనర్, రాష్ట్ర పరిధిలోని వాటికి రాష్ట్ర కమిషనర్ బాధ్యులు. ఖరగ్‌పూర్‌లో ఈ తేడా చాలా ముఖ్యం. రైల్వే నడిపే బడి, కేంద్రీయ విద్యాలయం కేంద్రం కిందికి వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ బడి, దాని నిధులతో నడిచే ఎయిడెడ్ బడి రాష్ట్రం కిందికి వస్తాయి. ఒకే వీధిలోని ఇద్దరు పిల్లల ఫిర్యాదులు రెండు వేర్వేరు నగరాలకు వెళ్లాల్సి రావచ్చు.

విచారణలో సాక్షులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించుకోవడానికి కమిషనర్లకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఫిర్యాదు రాకపోయినా సొంతంగా విచారణ చేపట్టవచ్చు. అయితే చివరికి వారు ఇచ్చేది సిఫారసు. సంబంధిత అధికారులు దానిపై చర్య తీసుకుని 3 నెలల్లో తెలియజేయాలి. అంగీకరించకపోతే కారణాలు చెప్పాలి, ఆ సంగతి బాధితులకూ తెలపాలి.

పదవిలో ఎవరున్నారు?

చేతిలో ఉన్నది సిఫారసు మాత్రమే అయినప్పుడు దాని బరువు ఆ పదవిలో ఉన్న వ్యక్తి స్వతంత్రత మీద, పట్టుదల మీద ఆధారపడుతుంది. అందుకే పునరావాస రంగంలో ప్రత్యేక పరిజ్ఞానం లేదా అనుభవం ఉన్నవారినే నియమించాలని చట్టం షరతు పెట్టింది. చీఫ్ కమిషనర్‌కు తోడుగా ఉండే ఇద్దరు కమిషనర్లలో ఒకరు తప్పనిసరిగా దివ్యాంగులై ఉండాలి.

ఆచరణ వేరుగా సాగింది. 2018లో చీఫ్ కమిషనర్ కమలేశ్ కుమార్ పాండే పదవీకాలం ముగిశాక, దివ్యాంగుల సాధికారత శాఖ కార్యదర్శులే చాలాకాలం ఆ బాధ్యతను అదనంగా చూశారు. శాఖను నడిపే అధికారే ఆ శాఖ పనిపై వచ్చే ఫిర్యాదులను విచారించాల్సి వస్తే తటస్థత ఎక్కడ ఉంటుంది? రాష్ట్రాల్లోనూ ఖాళీలు పేరుకుపోవడంతో, కమిషనర్లు లేనిచోట 2024 జూన్ 30 నాటికి నియమించాలని సుప్రీంకోర్టు సీమా గిరిజా లాల్ కేసులో గడువు విధించింది.

టీచర్లు, భాష

ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుల శిక్షణను, రిజిస్ట్రేషన్‌ను చూసేది భారత పునరావాస మండలి. ప్రాథమిక స్థాయిలో 10 మంది దివ్యాంగ పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ఈ టీచర్లు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో చెప్పింది. 2025 మార్చిలో ఆ పోస్టులను మంజూరు చేసి ప్రకటించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఖరగ్‌పూర్‌లో దీనికి భాష సమస్య కూడా తోడవుతుంది. ఇంట్లో తెలుగే వినే బిడ్డ సామర్థ్యాన్ని బెంగాలీలోనో హిందీలోనో పరీక్షిస్తే, భాష రాకపోవడాన్ని మేధో లోపంగా పొరబడే ప్రమాదం ఉంది. వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలని విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ అంటోంది. మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది, కోల్‌కతాలో దానికి ప్రాంతీయ కేంద్రమూ ఉంది. తెలుగులో పరీక్షించే ఏర్పాటుకు ఈ రెండింటినీ కలిపి వాడుకోవచ్చు. అలా చేయాలని సిఫారసు చేసే అధికారం కమిషనర్లకు ఉంది.

తల్లిదండ్రులు ముందుగా తేల్చుకోవాల్సింది బడి ఎవరి నిధులతో నడుస్తోందన్నది. తర్వాత వైకల్య ధ్రువపత్రం, బడికి రాసిన అర్జీ నకలు జతచేసి సరైన కార్యాలయానికి ఫిర్యాదు పంపాలి. సిఫారసు సంబంధిత అధికారులకు అందిన తేదీని రాసిపెట్టుకోవాలి. 3 నెలల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.