మంద్రంలో పాడిన నాగయ్య

కోదాడలో ఖమ్మం బస్సెక్కితే దారిలో నేలకొండపల్లి వస్తుంది. భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన కంచర్ల గోపన్న, మన భక్త రామదాసు, పుట్టిన ఊరది. సూర్యాపేట నుంచి జనగామ వైపు సాగితే పాలకుర్తి పక్కన బమ్మెర ఉంది, పోతన ఊరు. ఈ ఇద్దరు భక్తులకూ వెండితెర మీద తన ఒళ్ళూ తన గొంతూ ఇచ్చిన మనిషి చిత్తూరు నాగయ్య. ఆయన పుట్టింది గుంటూరు జిల్లాలో, పెరిగింది చిత్తూరులో, పోయింది మద్రాసులో. అయినా ఆయన కథ చెప్పుకునే హక్కు మా వైపు వాళ్ళకు కొంత ఉందని నా నమ్మకం. ఆయన్ని శిఖరానికి చేర్చిన పాత్రల్లో ఒకటి, చివరి దెబ్బ తీసిన పాత్ర ఇంకొకటి, రెండూ ఈ నేల మీద నడిచిన మనుషులవే.

ముందు ఆ గొంతు సంగతి చెప్పాలి. మిర్యాలగూడ, కోదాడ చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవార్లూ హరిశ్చంద్ర, రాయబారం ఆడిన రోజులు చూసినవాళ్ళకు పద్యం అంటే ఏమిటో తెలుసు. మైకులు లేని కాలంలో పందిరి చివర కూర్చున్న ముసలాయనకు కూడా వినపడాలి కాబట్టి నటుడు తారస్థాయిలో ఎత్తుకునేవాడు. రాగం పైకి పోయేకొద్దీ ‘వన్స్ మోర్’లు పడేవి. మంద్రంలో నిండుగా పలికే గొంతుకు ఆ రంగస్థలం మీద చోటు తక్కువ. పడమటి దేశాల ఒపేరాలో అలా కాదు. అక్కడ బేస్-బారిటోన్ అని లోతైన గొంతుకు ప్రత్యేకంగా పాత్రలు రాస్తారు. దేవుళ్ళూ రాజులూ శాపం మోసేవాళ్ళూ ఆ గొంతుతోనే పాడతారు. మైకు లేకుండా, పెద్ద వాద్యబృందాన్ని దాటి వినిపించేలా ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. మనకు ఆ పని మైకు చేసిపెట్టింది. టాకీ వచ్చాక గొంతు చించుకోకుండా, పక్కన కూర్చుని చెప్పినట్టు పాడగల నటుడికి దారి తెరుచుకుంది. ఆ దారిన వచ్చినవాడు నాగయ్య. పాడుతుంటే మాట్లాడుతున్నట్టు, మాట్లాడుతుంటే పాటలోకి జారబోతున్నట్టు ఉండేది.

1904లో పుట్టాడు. ఇంటిపేరు ఉప్పలదడియం. గుమాస్తాగిరీ పాత్రికేయ వృత్తీ చూసి, స్వాతంత్ర్యోద్యమంలో తిరిగి, నాటకాలాడి, సినిమాకొచ్చేసరికి ముప్పయ్యయిదు దగ్గరపడింది. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’లో మద్యపానం మానమని పాడే సంస్కర్త వేషంతో జనం నోళ్ళలో పడ్డాడు. ఆ మరుసటి ఏడు బి.ఎన్. రెడ్డి ‘వందేమాతరం’తో వాహినీ సంస్థ తొలి అడుగు వేసింది. అక్కడి నుంచి సుమంగళి, దేవత, స్వర్గసీమ దాకా వాహినీకి నాగయ్యే ముఖం, చాలాసార్లు సంగీతం కూడా ఆయనదే. నటుడూ గాయకుడూ స్వరకర్తా ఒకే మనిషిలో ఉండటం ఆ రోజుల్లో అరుదేమీ కాదు గానీ, మూడింటిలోనూ ఆ స్థాయి అరుదే.

తరువాత భక్తుల వరుస. కె.వి. రెడ్డి తొలి చిత్రం ‘భక్త పోతన’లో పోతన. తానే దర్శకుడై 1946లో తీసిన ‘త్యాగయ్య’లో త్యాగరాజు. 1947లో వేమన. ముగ్గురూ సంపదను కాదన్నవాళ్ళే. పోతన రాజుకు కృతి ఇవ్వడు, త్యాగరాజు రాజు కానుకలు ముట్టడు, వేమన అన్నీ వదిలేసి దిసమొలతో నడిచిపోతాడు. తమిళంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి మీరాగా పాడిన చిత్రంలో రాణా వేషం కూడా ఆయనదే. దక్షిణాదిన లక్ష రూపాయల పారితోషికం అందుకున్న తొలి నటుల్లో ఆయన ఒకడని పెద్దలు చెబుతారు. ఊళ్ళలో ఆయన బొమ్మకు దండం పెట్టేవాళ్ళు. తెర మీది త్యాగయ్యకూ మద్రాసు ఇంట్లో ఉన్న నాగయ్యకూ తేడా ఉందని జనం అనుకోలేదు. నాకు తోచినంతలో ఆయనా అనుకోలేదు.

ఆ ఇంటికి తలుపు లేదన్నట్టే ఉండేది. అవకాశాల కోసం రైలెక్కి వచ్చిన కుర్రాళ్ళు, వేషాలు తగ్గిన నాటకాలవాళ్ళు, చుట్టాలు, చుట్టాలమని చెప్పుకున్నవాళ్ళు అందరికీ అన్నం పెట్టాడు, అడిగినవాడికి డబ్బిచ్చాడు. భార్యల మరణాలు మనిషిని కుంగదీశాయి. ఒక దశలో తిరువణ్ణామలై వెళ్ళి రమణ మహర్షి ఆశ్రమంలో ఉండిపోయాడు. మిత్రులు మళ్ళీ మద్రాసుకు తీసుకొచ్చారు.

ఇక్కడొక సంగతి ఉంది. తలుచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. 1945 నాటి ‘స్వర్గసీమ’లో భానుమతితో ఒక పాట పాడటానికి ఒక కొత్త కుర్రాడిని తీసుకున్నారు. సినిమాలో అతనికి దక్కిన మొదటి నేపథ్యగానం అది. ఆ చిత్రానికి సంగీత బాధ్యత నాగయ్యది. ఆ కుర్రాడి పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. తన చేత్తో దీవించి లోపలికి తెచ్చిన గొంతే ఆ తరువాతి ఏళ్ళలో పాడే నటుడు అనే జాతినే తెలుగు తెర మీద లేకుండా చేసింది. ఘంటసాల ఎవరికీ అన్యాయం చేయలేదు. ఒకరు నటిస్తే ఇంకొకరు పాడే పద్ధతి రావడంతో హీరోకు రాగజ్ఞానం అక్కర్లేకపోయింది, రూపమూ వయసూ చాలు. నందమూరి రామారావు, అక్కినేని నాగేశ్వరరావు 1950 నాటికి నిలదొక్కుకున్నారు. నాగయ్యకు అప్పటికి నలభై ఆరు. గొంతు చెడిపోలేదు. ఆ గొంతుతో బతికే వృత్తే పోయింది.

ఆ సమయంలో ఆయన చేసింది సొంతంగా సినిమాలు తీయడం. 1953లో తెలుగు, తమిళ భాషల్లో తన దర్శకత్వంలోనే ‘నా ఇల్లు’ తీశాడు. నష్టం వచ్చింది, బాకీలు మిగిలాయి. ఇందాక చెప్పిన ఒపేరాల్లోనూ ఒక బాకీ కథ ఉంది. జర్మన్ స్వరకర్త వాగ్నర్ రాసిన నాలుగు భాగాల ‘రింగ్’ ఒపేరాలో బేస్-బారిటోన్ గొంతున్న దేవరాజు వోటన్ కోట కట్టించుకుంటాడు, కట్టినవాళ్ళకు ఇస్తానన్న కూలి ఇవ్వలేడు. ఆ అప్పు దగ్గర మొదలైన పతనం దేవతల కోట తగలబడేదాకా ఆగదు. నాగయ్య బాకీలకు అంత ఆర్భాటం లేదు. ఫైనాన్షియర్, డిస్ట్రిబ్యూటర్, వడ్డీ, అంతే.

1957లో ‘పాండురంగ మహత్యం’లో కొడుకు చేత ఇంట్లోంచి గెంటించుకునే తండ్రిగా కనిపించాడు. 1963లో ‘లవకుశ’లో వాల్మీకి. ఆ వాల్మీకిని చూసినవాళ్ళెవరూ మరచిపోరు. సీతను కూతురా అని ఆదుకునే చూపులో నటన కన్నా పెద్దదేదో ఉంటుంది. కానీ అవన్నీ తండ్రి వేషాలు, ఋషి వేషాలు, తాత వేషాలు. ఒకప్పుడు తన పేరు మీద నడిచిన సినిమాలో ఇప్పుడు ఇతరుల పేర్ల కింద ఒక పేరు.

ఆ రోజుల్లోనే రామదాసు మీద మనసు పడ్డాడు. అరవై ఏళ్ళ వయసులో, చేతిలో పెద్దగా ఏమీ లేని స్థితిలో, మా కోదాడ పక్క ఊరి తహశీల్దారు కథను మళ్ళీ తానే దర్శకుడై తీశాడు. కబీరు పాటలకు బొంబాయి నుంచి మహమ్మద్ రఫీ గొంతు తెచ్చాడు. 1964లో విడుదలైంది. పాత బాకీల మీద కొత్త బాకీ పడింది. ఆ కథలో ఏముందో మనందరికీ తెలుసు. సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టి గోపన్న పన్నెండేళ్ళు చెరసాలలో ఉంటాడు, చివరికి రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి గోల్కొండ సుల్తాను తానీషాకు బాకీ చెల్లించి విడిపించుకుపోతారు. నాగయ్య తన సొంత సొమ్మే ఖర్చుపెట్టాడు. ఆయన బాకీ తీర్చడానికి ఎవరూ రాలేదు.

1965లో పద్మశ్రీ ఇచ్చారు. దక్షిణాది సినిమావాళ్ళలో ఆ గౌరవం తొలుత అందుకున్నవారిలో ఆయన ఒకడు. ఇల్లు గడవడానికి చిన్న వేషాలు వేస్తూనే ఉన్నాడు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశాడు. వెనక మిగిలిన సొమ్మంటూ ఏమీ లేదు.

నాగయ్య గురించి ఎక్కడ రాసినా ఒకటే మాట కనిపిస్తుంది: దానకర్ణుడు, అందుకే దరిద్రుడయ్యాడు. నేను దాన్ని ఒప్పుకోను. ఆయన పెట్టిన అన్నం ఆయన్ని ముంచలేదు. లక్షలు తెచ్చిపెట్టిన గొంతుకు పదేళ్ళలో పనిలేకుండా చేసిన పరిశ్రమ, అరవై దాటిన కళాకారుడికి పింఛను గానీ పాత చిత్రాల మీద వాటా గానీ లేని ఏర్పాటు, సినిమా పోతే నష్టం మొత్తం తీసినవాడి నెత్తినే పడేసే వ్యాపారం ముంచాయి. సాధువు అని పిలవడం మనకు సులువు. సాధువుకు జీతం అక్కర్లేదు, వైద్యం అక్కర్లేదు. పోతన వేషం కట్టాడు కాబట్టి పోతనలాగే పొలం దున్నుకుని బతుకుతాడని అనుకున్నారేమో. నాగయ్యకు అర ఎకరం కూడా మిగలలేదు.

సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ పరిసరాల్లో పద్యం పాడి వయసు మళ్ళినవాళ్ళు ఇంకా ఉన్నారు. హరిశ్చంద్రుడి కాటి సీను నలభై ఏళ్ళు ఆడిన గొంతులు. వాళ్ళ సంగతి అడిగితే ‘మహానుభావుడండీ’ అంటారు ఊళ్ళో. నెలకు ఏం వస్తుంది, మందులు ఎవరు కొంటున్నారు అని అడిగితే సమాధానం ఉండదు. అలా మహానుభావుడు అనిపించుకున్న హార్మోనిస్టు ఒకడు నాకూ తెలుసు, పెట్టె అమ్ముకున్నాడు.

నాగయ్య పోయిన ఆరు వారాలకు, 1974 ఫిబ్రవరి 11న, ఘంటసాల కూడా వెళ్ళిపోయాడు. ఆయన వయసు యాభై ఒకటే. రేడియోల్లో ఆ వారమంతా ఘంటసాల పాటలే వినిపించాయంటే ఆశ్చర్యం లేదు. నాగయ్య పాటలు వినాలంటే ఈనాటికీ వెతుక్కోవాలి. త్యాగయ్యలో ఆయన పాడినవి వెతికి వినండి, పాతబడిన శబ్దం వెనకాల ఆ మంద్రం ఎక్కడా వణకదు.