బడి అంగి, ఇంటి అంగి

మా మనుమడు సాయంత్రం నాలుగున్నరకు బడి బస్సు దిగుతాడు. సంచీ ఒక మూల పారేసి, అదే యూనిఫారంతో పాలు తాగుతాడు. అదే యూనిఫారంతో ట్యూషన్‌కు పోతాడు. ఏడున్నరకు తిరిగి వచ్చి, అదే యూనిఫారంతో టీవీ ముందు కూర్చుని కునుకుతాడు. "ముందు బట్టలు మార్చుకో నాయనా" అని నేనంటే మా కోడలు నవ్వుతుంది. "ఇప్పుడెవరు మారుస్తున్నారు మామయ్యా? ఎట్లాగూ రాత్రికి మెషిన్లో వేసేదే గదా!" ఆ మాటలో తప్పేమీ లేదు. కాని ఒకనాడు పిల్లవాడే "ఎందుకు మార్చుకోవాలి తాతా?" అని అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. నా చిన్నప్పుడు అది ఎవరూ ప్రశ్నించని నియమం. ఎవరూ కారణం చెప్పనూ లేదు.

నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో జమాఖర్చులు చూసినవాణ్ణి. మా వృత్తిలో వోచరు లేని పద్దు ఉండదు. ఈ అలవాటుకు కూడా ఎక్కడో ఒక వోచరు ఉండాలనిపించి వెతకడం మొదలుపెట్టాను. వెతికితే ఒకటి కాదు, మూడు దొరికాయి.

ముందు యూనిఫారం సంగతి. ఇది గొప్పింటి పిల్లల కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. నిజానికి పేదపిల్లల కోసం పుట్టింది. 1552లో లండన్‌లో అనాథలకూ నిరుపేదలకూ క్రైస్ట్స్ హాస్పిటల్ అనే ధర్మపాఠశాల పెట్టి, పిల్లలకు పొడుగాటి నీలపు కోటు ఇచ్చారు. ఆ కోటు చూడగానే ఈ పిల్లవాడు ధర్మం మీద బతుకుతున్నాడని ఊరంతటికీ తెలిసేది. గొప్పవాళ్ళ బడులు తమ విద్యార్థులకు ఒకే వేషం పెట్టుకోవడం చాలా కాలం తర్వాతి మాట. మన దేశానికి అది మిషనరీల బడుల ద్వారా, కాన్వెంట్ల ద్వారా వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత సర్కారు బడులకు చేరేనాటికి దాని అర్థమే మారింది. పేద పిల్లవాణ్ణి వేరు చేసి చూపడానికి పుట్టిన బట్ట, పేదా గొప్పా తేడా కనపడకుండా చేసే బట్ట అయింది.

మన ఇరుగుపొరుగు భాషల్లో దీనికి ఉన్న పేర్లు చూడండి. మరాఠీలో 'గణవేశ్' అంటారు. గణమంతటికీ ఒకే వేషం. కన్నడంలో 'సమవస్త్ర'. అందులో సమానత్వం ఉంది. తమిళంలో 'సీరుడై'. అందులో క్రమం, తీరు ఉన్నాయి. మనం మాత్రం ఇంట్లో 'యూనిఫారం' అంటాం, సర్కారు కాగితం మీద 'ఏకరూప దుస్తులు' అంటాం. మా అవ్వ (మేము తల్లిని అవ్వ అంటాం) ఈ మాటలేవీ అనలేదు. ఆమెకు అది 'బడి అంగి'. తక్కినవన్నీ 'ఇంటి అంగి'.

మాది షోలాపూర్. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు వెలిసింది. ఆ తర్వాత ఒక్కొక్కటే మిల్లులు పెరిగాయి. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి నేతకుటుంబాలు తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చాయి. మగవాళ్ళు మిల్లుకో మగ్గానికో పోతే, ఆడవాళ్ళు బీడీలు చుట్టారు. మా తాత అట్లా వచ్చినవాడే. మా నాయిన చద్దర్ల మగ్గం మీద పనిచేశాడు. అవ్వ బీడీలు చుట్టింది.

1970లలో నాకు ఉన్నది ఒక్క జత: తెల్ల అంగి, ఖాకీ లాగు. రెండూ నూలువే. బడి నుంచి రాగానే గడప దగ్గరే అవ్వ కేక వినపడేది. "అంగి ఇడిసి దండెం మీద ఎయ్యి బిడ్డా, అటెనుక లోపలికి రా!" చాలా కాలం అది శుభ్రం కోసం అనుకున్నాను. కాదు. మాది ఒకే గది. ఆ గదిలో అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చునేది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. దీపాలు పెట్టేలోగా లెక్క పూర్తి కావాలంటే మేము పిల్లలం పక్కన కూర్చుని దారం కట్టాలి. ఆ తంబాకు పొడి తెల్ల అంగికి పట్టిందంటే మర్నాడు బడిలో వాసన వస్తుంది. ఒకసారి నేను అవ్వ మాట వినకుండా బడి అంగితోనే కూర్చుని కట్టలు కట్టాను. మర్నాడు పక్క బల్ల పిల్లవాడు ముక్కు మూసుకున్నాడు. గురువుగారు ఏమీ అనలేదు గాని, నన్ను కిటికీ దగ్గరి బల్లకు మార్చారు. అవ్వ కేకకు అర్థం ఆ రోజు తెలిసింది. ఇల్లు బడికి తెలియకూడదు. ఇదీ మొదటి వోచరు.

ఒకే జత ఉన్నందువల్ల దాని చుట్టూ ఒక పెద్ద సంసారమే నడిచేది. శనివారం రాత్రి నానబెట్టడం, ఆదివారం ఉతకడం, గంజి పెట్టడం, తెల్ల అంగికి నీలి మందు వేయడం, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి మడతలు తీయడం. నూలుబట్ట వానాకాలంలో ఒక రాత్రికి ఆరదు. అందుకని వారం మధ్యలో ఉతికే మాటే లేదు. ఆరు రోజులు ఆ అంగి మాయకుండా ఉండాలంటే సాయంత్రం దాన్ని ఒంటి మీద ఉంచకూడదు. అంతకు మించిన సిద్ధాంతం మా ఇంట్లో లేదు.

మా వాడలోనే అంగి మార్చుకోని పిల్లవాడు ఒకడుండేవాడు. బడికీ అదే, ఆటకూ అదే, జాతరకూ అదే. ఒక పెళ్ళికి కూడా ఖాకీ లాగు, తెల్ల అంగితోనే వచ్చాడు. మేమంతా "ఈనికి పెళ్ళి కూడా బడేరా" అని నవ్వాం. అతనూ నవ్వాడు. ఏడో తరగతిలో అతను బడి మానేసి మగ్గాల కార్ఖానాలో చేరాడు. ఆ తర్వాత కూడా ఆ అంగీతోనే పనికి వెళ్ళేవాడు. జేబు మీద కుట్టిన బడి గుర్తు ఊడిపోయి, ఆ మేర చదరంగా తెల్లగా కనపడేది. మార్చుకోవడానికి మరో అంగి లేకపోవడమే అసలు సంగతి అని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. యూనిఫారం బడిలో మా ఇద్దరినీ ఒకటిగానే చూపింది. సాయంత్రం ఐదు గంటలకు మాత్రం ఎవరి ఇల్లు ఎట్లాంటిదో చెప్పేసేది. మా ఇంట్లో పాత ఇంటి అంగి ఒకటి ఉంది. వాళ్ళింట్లో అదీ లేదు.

రెండో వోచరు సేలంలో దొరికింది. 1990ల చివర నన్ను అక్కడికి బదిలీ చేశారు. మా ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన తెలుగు బ్రాహ్మణ వృద్ధురాలు. మా అబ్బాయి బడి నుంచి రాగానే మా ఆవిడ వాణ్ణి బట్టలు మార్చుకోమనడం విని, ఆమె తన చిన్ననాటి ముచ్చట చెప్పింది. అప్పట్లో యూనిఫారాలు లేవు. అయినా ఆమే, ఆమె అన్నా బడి నుంచి వస్తే వీధి వాకిట్లోంచి లోపలికి రాకూడదు. దొడ్డిదారిన వచ్చి, బడి బట్టలు బయట కొయ్యకు తగిలించి, బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఇంటి బట్ట కట్టుకుంటేనే వంటింటి దరికి రానిచ్చేవాళ్ళు. బడిలో అన్ని కులాల పిల్లల మధ్య కూర్చున్న బట్ట గనుక మైల. "అప్పుడు అదే సరి అనుకున్నాం. నా పక్కన కూర్చున్న పిల్ల మనసు ఎట్లా ఉండేదో ఇప్పుడు తోస్తుంది" అని చాలాసేపు ఊరుకుంది.

అంటే యూనిఫారం కంటే ఈ అలవాటే పాతది. మా ఇంట్లో ఇంటి వాసన బడికి పోకూడదని మార్చాం. ఆ ఇంట్లో బడి ఇంట్లోకి రాకూడదని మార్చారు. పని ఒకటే, కారణాలు రెండు. పిల్లలందరూ ఒకే బట్ట కట్టుకుని కూర్చోవడం అంత పెద్ద మాట ఎందుకైందో ఆ ముచ్చట విన్నాకే నాకు అర్థమైంది.

తమిళనాడులో ఆ మాట చాలా ముందుగా మొదలైంది. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో (1954-63) మధ్యాహ్న భోజనం పెట్టారు. విద్యాశాఖ డైరెక్టర్‌గా ఉన్న నె.దు. సుందరవడివేలు ఊరూరా బడుల అభివృద్ధి మహాసభలు జరిపించారు. ఊరివాళ్ళు బల్లలు, గడియారాలు ఇచ్చినట్టే పిల్లలకు బట్టలు కూడా ఇచ్చారు. 1982లో ఎం.జి.ఆర్. పౌష్టికాహార పథకాన్ని విస్తరించారు. 1985 నుంచి ఆ భోజనం తినే పిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా యూనిఫారం ఇవ్వసాగింది. ఇందులో ఒక తెలివైన లెక్క ఉంది. ఆ బట్టను నేతగాళ్ళ సహకార సంఘాల చేత నేయించారు. పిల్లలకు బట్ట, నేతగాళ్ళకు పని. సేలం ప్రాంతంలో తెలుగు మాట్లాడే నేతకుటుంబాలు తక్కువ కాదు. అప్పుల పత్రాల మీద సంతకాలు పెట్టడానికి మా బ్యాంకుకు వచ్చినవాళ్ళలో కొందరు ఆ బట్ట నేసినవాళ్ళే. వాళ్ళ పిల్లలు తొడుక్కున్నదీ అదే బట్ట. ఆ తర్వాత 2010 తరువాతి సంవత్సరాలలో జతల సంఖ్య నాలుగుకు పెరిగింది. నాలుగు జతలున్న పిల్లవాడికి సాయంత్రం అంగి విప్పమని చెప్పే అవసరం చాలావరకు తీరిపోతుంది.

బట్ట జాతి కూడా మారింది. 1941లో ఇంగ్లండులో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన టెరిలీన్, నూలుతో కలిసి మన దగ్గరికి 'టెరికాట్' పేరుతో వచ్చింది. సాధారణంగా 67 పాళ్ళు పాలియెస్టర్, 33 పాళ్ళు నూలు. ముడత పడదు, గంజి అక్కర్లేదు, రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరుతుంది. ఇత్తడి చెంబు అటకెక్కింది. అవ్వ నియమానికి ఉన్న ఆధారం సగం అక్కడే పోయింది. మా కోడలి వాషింగ్ మెషిన్ తక్కిన సగం తీసుకుపోయింది.

అయినా అందరి ఇంట్లోనూ పోలేదు. సమగ్ర శిక్షా పథకం కింద అర్హులైన పిల్లవాడికి ఏడాదికి రెండు జతలకు కలిపి 600 రూపాయలని నిర్ణయించారు. జతకు 300. లాగు, అంగి, కుట్టుకూలి అన్నీ అందులోనే. ఏడాదికి 200 రోజులకు పైగా బడి. ఈ లెక్క వేసి చూస్తే దండెం మీద అంగి వేయమనే తల్లి ఇంకా ఎన్ని ఇళ్ళలో ఉందో ఊహించవచ్చు. 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం రాష్ట్రమంతటికీ ఒకే గణవేశ్ పెట్టి, కేంద్రీకృతంగా బట్ట కొని కుట్టించింది. చాలాచోట్ల సమయానికి అందలేదు. ఏడాది చివరికి ఆ బాధ్యతను మళ్ళీ బడుల కమిటీలకే అప్పగించాలని నిర్ణయించారు. రెండు జతలు ఆలస్యమైతే ఏమవుతుంది అని తేలిగ్గా అనేవాళ్ళకు మా వాడ పిల్లవాణ్ణి చూపించాలనిపిస్తుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మిల్లులు మూతబడ్డ మా షోలాపూర్ ఇప్పుడు యూనిఫారాలు కుట్టే ఊరుగా పేరు తెచ్చుకుంది. 2017లో ఇక్కడి దుస్తుల తయారీదారుల సంఘం యూనిఫారాలకే ప్రత్యేకంగా ఒక ప్రదర్శన పెట్టింది. నేనూ వెళ్ళాను. ఎక్కడెక్కడి బడుల రంగులో కొయ్యబొమ్మల మీద వరుసగా నిలబడి ఉన్నాయి. కుట్టు మిషన్ల వెనుక చాలావరకు మన ఆడవాళ్ళే. వాళ్ళ తల్లులు బీడీలు చుట్టినవాళ్ళే. అక్కడ తెలుగు వినపడింది. మనసుకు ఎంతో హాయి అనిపించింది.

మూడో వోచరు నా దగ్గరే ఉండి కూడా చాలా రోజులు కనపడలేదు. నా చదువు మరాఠీలో. బడి అంగి ఒంటి మీద ఉన్నంతసేపూ నా నోట మరాఠీయే. గడప దగ్గర అంగి విప్పి దండెం మీద వేసి, పాత అంగి తలలోంచి దూర్చుకుని "అవ్వా, ఆకలైతాంది" అన్నప్పుడు తెలుగు మొదలయ్యేది. ఎవరూ నేర్పలేదు. బట్టతోపాటే భాష మారేది. మర్నాడు పొద్దున బడి అంగి గుండీలు పెట్టుకుంటుంటే మళ్ళీ మరాఠీ వచ్చేది. ఆ రెంటి మధ్య గడప ఒకటి ఉండేది గనుకనే రెండూ నిలిచాయని ఇప్పుడనిపిస్తున్నది. మా మనుమడికి ఆ గడప లేదు. బడిలో ఇంగ్లీషు, బస్సులో హిందీ, ట్యూషన్‌లో మరాఠీ. అదే అంగితో ఇంటికి వచ్చి అవే మాటలు మాట్లాడతాడు. రాత్రి ఎనిమిదింటికి అంగి విప్పేసరికి నిద్ర వస్తుంది. తెలుగుకు మిగిలేది పది నిమిషాలు.

అంగి మార్చినంత మాత్రాన భాష నిలుస్తుందని నేననను. తంబాకు వాసనా, మైల అనే మాటా పోయినందుకు నాకు సంతోషమే. మా కోడలితో వాదించనూ లేదు. ఒక ఏర్పాటు మాత్రం చేసుకున్నాం. ట్యూషన్ లేని రెండు రోజులు, బుధవారం, శనివారం, వాడు రాగానే బట్టలు మార్చుకుంటాడు. ఆ తర్వాత గంటసేపు నాతో తెలుగే. మొదటి రోజు అంగి విప్పుతూ "తాతా, ఇది యెక్కడ వెయ్యు?" అన్నాడు. సరిదిద్దబోయి ఊరుకున్నాను. దండెం చూపించాను.

హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, యానాంలో మన పిల్లలు ఈ సాయంత్రం ఏం చేస్తున్నారో నాకు తెలుసుకోవాలని ఉంది. మీ ఇళ్ళలో అంగి ఎప్పుడు మారేది, ఎవరు మార్చమనేవారు, ఎందుకనేవారు? పెద్దలు ఉండగానే అడిగి ఈ పత్రికకు నాలుగు ముక్కలు రాయండి. మా అవ్వను నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.